గాలిమరకు ఏ డైనమో?

ఇంట్లోనే చిన్న గాలిమర చేసుకుందామనుకునే వాళ్ళంతా ముందు రెక్కల గురించే అడుగుతారు. ఎంత పొడవుండాలి, చెక్కా, పైపా అని. అవి తర్వాత చూసుకుందాం. ముందు డైనమో సంగతి తేల్చండి.

పాతసామాన్ల కొట్లో ముందు కంటపడేది కారు ఆల్టర్నేటర్. చవక, గట్టిది, పుట్టిందే బ్యాటరీ చార్జింగు కోసం. అయినా వద్దనే చెబుతాను. నిమిషానికి వెయ్యి చుట్లు దాటితే గానీ అది సరిగా కరెంటివ్వదు. మరి మన మర? రెక్కల చక్రం 2 మీటర్ల వ్యాసం, గాలి సెకనుకు 5 మీటర్లు అనుకోండి. మంచి రెక్కల కొసలు గాలికి ఆరింతల వేగంతో పోయినా నిమిషానికి 290 చుట్లు మించవు. బెల్టు వేసి వేగం పెంచుదామంటారా? ఆ గాలికి చేతికొచ్చేదే 70 వాట్లు, అందులో కొంత ఒరిపిడికి పోతుంది. పైగా ఆ ఆల్టర్నేటర్‌లో శాశ్వత అయస్కాంతాలు ఉండవు. లోపలి తీగచుట్టకు బ్యాటరీయే 30, 40 వాట్లు పెట్టాలి. పండినదాంట్లో సగం విత్తనాలకే పోతే రైతుకేం మిగులుతుంది చెప్పండి!

కాబట్టి అయస్కాంతాలున్న డీసీ మోటారు వెతకండి. పాత ట్రెడ్‌మిల్ మోటారు మంచిది. దాని పలక మీద 180 వోల్టులు, 4000 చుట్లు అని ఉందనుకోండి, 290 చుట్లకు 13 వోల్టులు వస్తాయి. 12 వోల్టుల బ్యాటరీ ఎక్కడం అక్కడే మొదలవుతుంది. మధ్యలో డయోడ్ మాత్రం మరవకండి. అది లేకపోతే గాలి పడిపోయినప్పుడు బ్యాటరీయే మరను ఫ్యానులా తిప్పుతుంది.

ఓపికుంటే ఆల్టర్నేటర్ మీరే చుట్టుకోండి. స్కాట్లాండ్‌లో స్కోరైగ్ అనే ఊరుంది. రోడ్డు లేదు, పడవెక్కో నడిచో వెళ్ళాలి, కరెంటు లైను కూడా లేదు. అక్కడి హ్యూ పిగాట్ నియోడిమియం అయస్కాంతాలు అతికించిన రెండు ఇనుప పళ్ళేల మధ్య రెజిన్‌లో పోతపోసిన తీగచుట్టల్ని నిలిపి, నెమ్మదిగా తిరిగినా కరెంటిచ్చే యంత్రం చేసి, ఆ పద్ధతి పుస్తకాలుగా రాశాడు. నా దృష్టిలో ఇంతకు మించింది లేదు. బ్రష్షులు లేవు, అరిగేది బేరింగు ఒక్కటే.

ఏది కొన్నా బ్యాటరీ నిండిందని తీగ విప్పేయకండి. లోడు లేని మర పెద్దగాలికి అదుపు తప్పి రెక్కలు విరగ్గొట్టుకుంటుంది. మిగులు కరెంటు తాగడానికి ఒక హీటరు తగిలించి ఉంచండి.

కొట్టుకు వెళ్ళేటప్పుడు మల్టీమీటరు, డ్రిల్లు మిషను వెంట తీసుకెళ్ళండి. మోటారు ఇరుసును డ్రిల్లుతో తిప్పి, ఎన్ని చుట్లకు ఎన్ని వోల్టులో చూశాకే డబ్బు తీయండి.