తాళపుచెవుల గుత్తియు, తరిమెన పనియు

వసతిగృహమున నివసించు విద్యార్థికి ఇనుపపెట్టె యెంత ముఖ్యమో దాని తాళపుచెవియు నంత ముఖ్యము. పెట్టె పోదు; చెవి పోవును. మాలో కొందఱు తెనాలివారు, కొందఱు బాపట్లవారు, కొందఱు రేపల్లెవారు. 2022వ సంవత్సరమున జిల్లాలు విభజింపబడినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాయందే నిలిచెను, రేపల్లె బాపట్ల జిల్లాలో చేరెను. అయినను చెవులు పోగొట్టుకొనుటలో మాకు భేదము లేదు. కావున ఈ యేడు చేతిపని తరగతిలో, జనులు కీచెయినులని పిలుచు గుత్తులకు తగిలించుటకై, చిన్న కఱ్ఱకాయలను తరిమెన పట్టి చేయ నిశ్చయించితిమి.

ఎవరి యూరి కఱ్ఱను వారు తెచ్చిరి. తెనాలివారు తలుపులు చేయగా మిగిలిన టేకుముక్కలను, బాపట్లవారు సముద్రతీరపు తోటలలోని సరుగుడును, రేపల్లెవారు బండిచక్రములకు వాడు నల్లతుమ్మను తెచ్చిరి. టేకు ఉలికి సులభముగ లొంగెను. తుమ్మ మొండికెత్తెను గాని, గరుకు కాగితముతో రుద్దిన పిమ్మట ముదురు వన్నెతో మెఱసెను. పచ్చి సరుగుడు మాత్రము ఎండునంతలోనే కొనలయందు పగిలెను.

అప్పుడు, ఎన్నడును ఎక్కువగా మాటలాడని రేపల్లె సహపాఠి యొకడు ముందుకు వచ్చెను. పచ్చికఱ్ఱలోని తేమ ప్రక్కలనుండి కంటె కొనలనుండి త్వరగా పోవుననియు, అందుచే కొనలే ముందు ముడుచుకొని పగులుననియు, వానికి పేడ పూసి నీడను ఎండనిచ్చినచో పగుళ్లు తగ్గుననియు చెప్పెను. "ఇది నీకెట్లు తెలియును?" అని యడిగితిమి. కొంతసేపు ఊరకుండి, "మా నాయన వడ్రంగి" యనెను. మూడేండ్లు మాతో చదివియు అతడా మాట మాకు చెప్పియుండలేదు.

లక్కపూతను గూర్చి మా ఉపాధ్యాయులు ఏటికొప్పాక పనివారి పద్ధతిని వివరించిరి. వరాహనది యొడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలోనున్న యా గ్రామమున, మెత్తని అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి బొమ్మలు చేయుదురు. తిరుగుచున్న కఱ్ఱకు రంగులక్క కడ్డీని ఒత్తినచో, రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱ నంటుకొనును. పిదప మొగలియాకుతో మెఱుగు పెట్టుదురు. కుంచెతో పనిలేదు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ప్రకృతిసిద్ధమైన రంగుల పునరుద్ధరణకై పాటుపడిన శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. ఈ సంగతి వినుచు మా మిత్రుడు తల యెత్తి కూర్చుండెను.

తల్లిదండ్రుల సమావేశమున కొందఱు పెద్దలు, "పిల్లలను చదువుటకు పంపితిమి గాని చెక్కపనికి కాదు, ఈ గంటను లెక్కలకు ఇయ్యరాదా?" యని యడిగిరి. 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని యధ్యక్షతన జరిగిన విద్యాసభ, చేతిపని బోధనకు కేంద్రము కావలెనని తీర్మానించిన సంగతిని ఉపాధ్యాయులు జ్ఞప్తికి దెచ్చిరి. వారి సందేహము పూర్తిగ తీరలేదు.

అంతలో మా మిత్రుడు వెనుక వరుసనున్న తన తండ్రిని చేయిపట్టి తోడ్కొనివచ్చి, "వీరు మా నాయనగారు. కఱ్ఱ ఎండబెట్టు తీరు మేమందఱము వీరి వలననే తెలిసికొంటిమి" అని యెల్లర యెదుట చెప్పెను. ఆయన కుమారుడు చేసిన తుమ్మకాయను అరచేత త్రిప్పి చూచి, బొటనవ్రేలితో కొనను తడిమి, "ఇక్కడ గరుకు మిగిలినదిరా, అబ్బాయీ" యనెను. నవ్వనివారు లేరు. లెక్కల మాట మరల నెవరును ఎత్తలేదు.

చేతిపని గంట రాబోవు సంవత్సరమునను కొనసాగును. తల్లిదండ్రులు తమ యిండ్లలో మిగిలిన కఱ్ఱముక్కలను మాకు పంపుదురు గాక. పచ్చివైనచో కొనలకు పేడ పూసి పంప ప్రార్థన.