నమ్మదగిన లేఖకుని కోసం



తాళపత్రాల కాలంలో ఒక గ్రంథం ఈ ఊరి నుండి ఆ ఊరికి చేరాలంటే లేఖకుడు కావలసి వచ్చేది. గ్రంథం ఆయుష్షు అతని చేతిలోనే ఉండేది. అర్థం కాని పదం ఎదురైతే సొంత పాండిత్యం చొప్పించే లేఖకుడు ఒకడు. పంక్తి దాటిపోయినా గమనించనివాడు ఇంకొకడు. చూచినది చూచినట్లు దించి, ఆకు చిరిగినచోట చిరిగిందని గుర్తు పెట్టేవాడు మూడవవాడు. ఈ మూడవవానికే మన సాహిత్యం ఋణపడి ఉంది. ఇంటి కంప్యూటరుకు ఫైళ్లు చేరవేసే సాఫ్టువేరును ఎన్నుకొనే పని నా నెత్తిన పడినప్పుడు నేను వెదకినది ఇటువంటి లేఖకుణ్ణే.

ఆ అవసరం 2023లో వచ్చింది. అంతకు పదిహేనేళ్ల క్రితం ఒక సంస్థవారు ఉచితంగా ఇచ్చిన స్థలంలో మా అమ్మగారి పాటలను దాచుకొంటూ వచ్చాను. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటి స్త్రీల పాటలు అచ్చులో దొరకుతాయి. కాని మా అమ్మ నోట వాటికి కొన్ని వేరే చరణాలుండేవి. ఆమె 1998లో వెళ్లిపోయింది. టేపులపై నేను పట్టుకొన్న ఆమె గొంతు, నేను విని వ్రాసిన పాఠాలు, అన్నీ కలిపి 449 ఫైళ్లు. టేపులు బూజుపట్టి పోయాయి, పాత కంప్యూటరు ఏనాడో మూలపడింది. అటువంటి స్థితిలో ఆ సంస్థవారి నుండి తాఖీదు వచ్చింది: ముప్పది దినాలలో మూసివేస్తున్నాము, మీ సామగ్రిని మీరు తీసికొనిపొండి, అని.

"మామయ్యా, అమ్మమ్మ పాటలన్నీ తీసి క్లౌడులో పెట్టేస్తే సరిపోతుందిగా?" అన్నాడు హైదరాబాదులో ఉన్న మేనల్లుడు.

"పెడదాంలేరా. పరాయివాళ్ల చోట పెట్టినందుకేగా ఇప్పుడు ఖాళీ చేయమంటున్నారు! ముందు మనింటికి చేరనీ" అన్నాను.

సర్వరు నుండి ఇంటికి ఫైళ్లు తెచ్చుకొనే మార్గాలలో పాతది ఎఫ్.టి.పి. దీని తొలి నిబంధనావళిని 1971 ఏప్రిల్‌లో వ్రాసినవారు మన కాన్పూరు ఐఐటిలో చదివి, అమెరికాలోని ఎమ్.ఐ.టి.కి వెళ్లిన అభయ్ భూషణ్. ఈ సంగతి తెలిసినప్పుడు నాకెంతో సంతోషం కలిగింది. ఒకప్పుడు బ్రౌజరులోనే ఈ పని జరిగేది. 2021లో క్రోము, ఫైర్‌ఫాక్సు రెండూ ఆ సౌకర్యాన్ని తొలగించాయి. కనుక వేరే సాఫ్టువేరు తప్పనిసరి. ఉచితంగా లభించే వాటిలో ఫైల్‌జిల్లా, విన్ ఎస్.సి.పి. అనే రెంటిని దింపుకొని, పరీక్షాధికారివలె ముందు కూర్చోబెట్టుకొని నాలుగు ప్రశ్నలు వేశాను.

మొదటిది, దారిలో రహస్యం కాపాడగలవా? పాత ఎఫ్.టి.పి. పద్ధతిలో సంకేతపదం కూడా పోస్టుకార్డు మీది వ్రాతలాగా బయటికి కనబడుతూ పోతుంది. కవరులో పెట్టి అంటించినట్లు పంపే పద్ధతులు ఎస్.ఎఫ్.టి.పి., ఎఫ్.టి.పి.ఎస్. అనేవి. అభ్యర్థు లిద్దరికీ ఇవి తెలుసు.

రెండవది, తెలుగు పేర్లు చదవగలవా? నా ఫైళ్ల పేర్లన్నీ తెలుగువే. యూటీఎఫ్-8 లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. 'సీత' అన్న పేరులో సకారం, దాని గుడి దీర్ఘం, తకారం కలిసి తొమ్మిది బైట్లవుతాయి. ఈ లెక్క తెలియని సాఫ్టువేరు వాటిని తొమ్మిది వేరువేరు గుర్తులుగా భ్రమించి, సీతమ్మను గుర్తుపట్టరాని అవతారంలో మన ముందు నిలబెడుతుంది. ఇద్దరిలోనూ యూటీఎఫ్-8 నే వాడుమని శాసించే వెసులుబాటు ఉంది.

మూడవది, సొంత తెలివి చూపకుండా ఉండగలవా? ఎఫ్.టి.పి.లో ఆస్కీ, బైనరీ అని రెండు పద్ధతులున్నాయి. ఆస్కీ పద్ధతిలో పంక్తి చివరి గుర్తులు ఆయా కంప్యూటర్ల ఆచారాన్ని బట్టి మార్చబడతాయి. సాధారణ వ్రాతకు దీనివలన హాని ఉండదు. ధ్వని ఫైలును ఆ పద్ధతిలో తెస్తే మాత్రం, పంక్తి గుర్తుల వలె కనబడిన బైట్లన్నీ మారిపోయి పాట పాడైపోతుంది. ఇదే ఆ మొదటి రకం లేఖకుని దోషం. సర్దుబాట్లలో 'బైనరీ' అని స్థిరపరచి వాని తెలివికి కళ్లెం వేశాను.

నాల్గవది, చేయలేకపోతే చేయలేదని చెప్పగలవా? ఫైల్‌జిల్లా కిటికీ అడుగున విఫలమైన బదిలీలకు వేరే పట్టిక ఉంటుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది అదే. పైగా విన్ ఎస్.సి.పి. విండోసుకే పరిమితం. ఫైల్‌జిల్లా విండోసు, మాకు, లినక్సు మూడింటిమీదా నడుస్తుంది. మేనల్లునిది మాకు కంప్యూటరు. రేపు ఈ పని వానిదే కనుక ఇద్దరికీ పనికివచ్చేదాన్నే ఎన్నుకొన్నాను.

అయినా లేఖకుడు మంచివాడైనంత మాత్రాన ప్రతిని సరిచూడకుండా వదిలేయకూడదు. వేమన పద్యాలను 1829లో ప్రచురించడానికి బ్రౌనుదొర అనేక ప్రతులు తెప్పించి సరిపోల్చాడు. పద్యానికైతే ఒక రక్ష ఉంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదవదానికి యతి. చంపకమాలకు ఇరవైయొకటి, పదునొకటవ దానికి యతి. ఒక్క అక్షరం జారినా గణం కుంటుతుంది, పరిష్కర్త పట్టుకొంటాడు. మా అమ్మ పాటలకు అటువంటి కట్టుదిట్టం లేదు. ఒక చరణం పోయినా పాట సాగిపోతూనే ఉంటుంది. పోయిందని చెప్పగల మనిషి లేదు.

ఆ లోటును పూరించేదే షా-256 అనే గణితం. ఏ ఫైలునిచ్చినా అది అరవైనాలుగు అక్షరాంకాల ముద్ర వేసి ఇస్తుంది. ఫైలులో లేశమాత్రం మారినా ముద్ర అంతా మారిపోతుంది. యతిప్రాసలు లేని వచనానికి, పాటకు, చివరికి ధ్వనికి సైతం ఛందస్సు కట్టిపెట్టినట్లే! విండోసులో సర్టుటిల్ అనే ఆదేశంతో దీన్ని వేయించవచ్చు.

కనుక మొత్తం ఫైళ్లను రెండు మార్లు, రెండు ఫోల్డర్లలోనికి విడివిడిగా దింపాను. ఇద్దరు లేఖకులచేత ఒకే గ్రంథాన్ని వ్రాయించినట్లన్నమాట. సర్వరులోని పరిమాణాలతో పోల్చి, పిమ్మట ఆ రెండు ప్రతుల ముద్రలనూ ఒకదానితో ఒకటి సరిచూశాను. 448 కుదిరాయి. ఒకటి కుదరలేదు. రెండవ మారు దింపుతుండగా కరెంటు పోయి రౌటరు ఆగింది. అప్పుడు సగంలో తెగిన ఊర్మిళాదేవి నిద్ర అది. విఫలమైన బదిలీల పట్టికలో దాని పేరు చక్కగా వ్రాసి ఉంది. ఆ ముక్కను తీసివేసి మళ్లీ దింపాను. ముద్ర కుదిరింది. గడువుకు ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఇప్పుడు మా ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి, బీరువాలోని డిస్కులో ఒకటి, మేనల్లుని వద్ద ఒకటి ఉన్నాయి. ముద్రల జాబితాను కాగితంపై అచ్చువేసి ముగ్గురి దగ్గరా పెట్టాము. ఏటా సంక్రాంతికి వాడు ఊరికి వచ్చినప్పుడు మూడు ప్రతులనూ జాబితాతో సరిచూడాలని ఒప్పందం. నిరుడు సరిచూసే పని వాడే చేశాడు. పని అయ్యాక, అన్నీ కుదిరాయి గదా, ఒక పాట వినిపించు మామయ్యా, అని అడిగాడు. అమ్మమ్మ గొంతు వాడు వినడం అదే మొదటిసారి.