చెత్తకు చోటు

గ్రీన్ బిల్డింగని పేరు పెట్టుకున్న ఆఫీసుల్లో సోలార్ పలకలు చూపిస్తారు, సైకిళ్ళ గది చూపిస్తారు. చెత్త గది ఏదని అడిగితే మాత్రం జవాబు తొందరగా రాదు. మేము నలుగురు డాక్టర్లం మా సర్జరీకి అలాంటి బిల్డింగులో మొదటి అంతస్తు అద్దెకు తీసుకున్నాక ఈ సంగతి తెలిసివచ్చింది.

2025 మార్చి 31 నుంచి ఇంగ్లండులో పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట చెత్త విడదీసి ఇవ్వాలి. సాధారణంగా కాగితం, అట్ట ఒకటి, గాజు, లోహం, ప్లాస్టిక్ ఒకటి, తిండి మిగులు ఒకటి, మిగతాది నాలుగోది. మాకు సూదుల పసుపు డబ్బాలు, నారింజ సంచులు అదనం. మేడమీద రంగురంగుల డబ్బాలు పెట్టడం ఎంతసేపు! సాయంత్రం వాటిని ఎక్కడికి దించాలి? కింద రెండే పెద్ద తొట్లు పడతాయి. 1100 లీటర్ల చక్రాల తొట్టి నిలవడానికే ఒకటిన్నర చదరపు మీటరు కావాలి, లాగి తిప్పడానికి మరికొంత. అందుకని పగలంతా మేము విడదీసినదాన్ని రాత్రి శుభ్రం చేసే ఆవిడ ఒకే తొట్టిలో గుమ్మరిస్తుంది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? అట్టపెట్టెలు మెట్ల కింద చేరాయి. నిప్పంటుకుంటే మా రోగులు దిగవలసిన దారి అదే.

కొలతలు లేక కాదు. ఎంత చెత్త వస్తుందో ముందుగా తెలియనప్పుడు, 5000 చదరపు మీటర్ల లోపు బిల్డింగులో వెయ్యికి 2 చదరపు మీటర్లు వదలమని 2018 నాటి బ్రీయం నియమాలు చెప్పాయి; ఆ పైన ఎంత పెద్దదైనా కనీసం 10 అన్నాయి (ఇది మాకు తక్కువే అనిపిస్తుంది). భోజనాల ఏర్పాటుంటే మళ్ళీ అంత. అమెరికా వారి లీడ్ పద్ధతిలోనైతే ఈ చోటు మార్కుల కోసం కాదు, తప్పనిసరి షరతు. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన మన హైదరాబాదు గ్రీన్ బిజినెస్ సెంటర్ ప్లాటినం తెచ్చుకున్నది ఆ పద్ధతిలోనే.

మా బిల్డింగు 3000 చదరపు మీటర్లు. కింద కాఫీ హోటలుంది కనుక 12 కావాలి. ఇక్కడ ఒక కారు నిలిపే చోటు 2.4 మీటర్లకు 4.8, అంటే పదకొండున్నర. ఆ ఒక్కటీ ఇప్పించమని యజమానికి రాశాం. ఆయన అద్దె లెక్క చెప్పాడు. సరే, మా వాటా నాలుగింటిలో ఒకటి వదులుకుంటామన్నాం, ఒప్పుకున్నాడు. నలుగురిలో బస్సులో వచ్చేదెవరో ఇంకా తేలలేదు.