తాళంచెవిలో తాళంచెవి

కొత్త కారు కొన్నరోజు షోరూంలో ఒక ఫొటో తప్పనిసరి. బానెట్ మీద బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, చుట్టూ ఇంటిల్లిపాదీ... మధ్యలో అట్టతో చేసిన మూరెడు తాళంచెవి! దాని మీద తలో చెయ్యీ వేసి అందరూ నవ్వుతారు. అసలు తాళంచెవి అప్పటికే ఇంటాయన జేబులోకి వెళ్లిపోయి ఉంటుంది. అందులో ఏమేం ఉన్నాయో చెప్పడానికి షోరూం కుర్రాడు నోరు తెరిచేసరికి అందరి చూపూ స్వీటు డబ్బా మీదే.

విజయవాడలో ఓ కుటుంబం కారు కొన్నప్పుడూ ఇదే తంతు. కాకపోతే ఆ ఇంటి అత్తగారు కుర్రాణ్ని అంత తేలిగ్గా వదల్లేదు. ముప్ఫయ్యేళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషాయె!

‘ఈ పక్కనున్న చిన్న మీట ఏంటి బాబూ?’

‘దాంతో మీకు పనిపడదులెండి మేడం.’

‘పనిపడనిది ఎందుకు పెట్టారు నాయనా?’

కుర్రాడు నవ్వేసి మీట నొక్కాడు. నల్లటి ప్లాస్టిక్ బిళ్లలోంచి సన్నటి ఉక్కు తాళంచెవి బయటికొచ్చింది. ‘బిళ్లలో బ్యాటరీ అయిపోతే ఇదే దిక్కండీ’ అంటూ, డ్రైవరు తలుపు పిడి దగ్గర కారు రంగులోనే కలిసిపోయిన బుల్లి మూతనీ, దాని కింది రంధ్రాన్నీ చూపించాడు. ‘అమ్మా, ఇక పద’ అని కొడుకు తొందరపెడుతున్నా, తన చేత్తో ఒకసారి తెరిచి చూసుకున్నాకే ఆవిడ కదిలారు.

ఒకప్పుడు ఇంత తతంగం లేదు. 1983 డిసెంబరు 14న మొట్టమొదటి మారుతి 800 తాళంచెవిని ఇందిరాగాంధీ హర్‌పాల్ సింగ్‌కి అందించారు. ఆ రోజుల్లో తాళంచెవంటే లోహపు ముక్కే. పెట్టి తిప్పితే తలుపు తెరుచుకునేది, ఇంకోచోట పెట్టి తిప్పితే బండి కదిలేది. అంతకు ఏడాది ముందే, 1982లో, ఫ్రాన్సులో రెనో ఫ్యూగో కారుకి దూరం నుంచే మీట నొక్కి తలుపులు తెరిచే సదుపాయం వచ్చింది. 1998లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో, తాళంచెవి జేబులోంచి తీయకుండానే కారెక్కి నడిపే పద్ధతి మొదలైంది. నేటి కార్లలో జరిగేదంతా రేడియో తరంగాలతో సంభాషణే. ‘ఎవరది?’ అని కారు అడుగుతుంది. ‘నేనే’ అని బిళ్ల ఓ రహస్య సంకేతంతో బదులిస్తుంది. ఆ సంకేతం ప్రతిసారీ మారిపోతుంది కాబట్టి, ఒకసారి విని దాచుకున్నవాడికి అది మళ్లీ పనికిరాదు.

అంత తెలివైన బిళ్ల కూడా ఓ మే నెల మిట్టమధ్యాహ్నం ఆ ఇంటివాళ్లని హడలగొట్టింది.

కోడలు బజారు నుంచి వచ్చి అపార్టుమెంటు ముందు ఎండలోనే కారు ఆపింది. వెనకసీట్లో రెండున్నరేళ్ల బాబు ఏడుస్తుంటే, ఊరుకుంటాడని తాళంచెవి చేతికిచ్చింది. డిక్కీలోని సంచులు తీసి, డిక్కీ మూసి, నాలుగడుగుల దూరంలోని మెట్ల మీద పెట్టి వచ్చేసరికి... టక్! బాబు మీట నొక్కేశాడు. అన్ని తలుపులూ బిగుసుకుపోయాయి. ‘ఇంకో బటన్ నొక్కు కన్నా’ అని అద్దం మీద కొడుతూ ఆమె బతిమాలుతుంటే వాడు మొదట నవ్వాడు. తర్వాత బిళ్ల చేతిలోంచి జారి సీటు కింద పడింది. నవ్వు కాస్తా ఏడుపైంది.

ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. అందుకే అలాంటప్పుడు అద్దం ఖరీదు ఆలోచించకూడదు. పిల్లలకు దూరంగా ఉన్న అద్దాన్ని పగలగొట్టేయాల్సిందే. వాచ్‌మన్ అప్పటికే రాయి తెచ్చి నిలబడ్డాడు.

కేకలు విని అత్తగారు బీరువాలోని రెండో తాళంచెవితో పరుగున దిగారు. నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మూడేళ్లుగా నగల దుకాణం సంచిలో పడి ఉన్న ఆ బిళ్లలో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ‘అత్తయ్యా, పగలగొట్టేద్దాం!’ అంది కోడలు. ఆవిడ పక్కనున్న చిన్న మీట నొక్కి ఉక్కు తాళంచెవి లాగారు. మూత ఊడదీసి, రంధ్రంలో పెట్టి తిప్పారు. తలుపు తెరుచుకుంది. దొంగలు పడ్డారనుకుని కారు వీధంతా వినిపించేలా సైరన్ మొదలుపెట్టింది. దాన్ని పట్టించుకోకుండా కోడలు ముందుసీటు మీదుగా చేయి చాపి వెనక తలుపు తెరిచింది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయిన పిల్లాణ్ని గుండెలకు హత్తుకుని, నీడలోకి తీసుకెళ్లి నీళ్లు పట్టింది. అత్తగారు చచ్చిపోయిన బిళ్లని స్టార్ట్ బటన్‌కి ఆనించి, బ్రేకు తొక్కి నొక్కారు. సైరన్ ఆగింది.

బ్యాటరీ లేని బిళ్లని కారు ఎలా గుర్తుపట్టింది? అందులో వేరే చిన్న చిప్ ఉంటుంది. దగ్గరగా ఆనిస్తే, అది తనకు కావాల్సిన కాస్త విద్యుత్తునీ కారు నుంచే తీసుకుని బదులిస్తుంది.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద కారుతోపాటు వచ్చిన పుస్తకం తెరుచుకుంది. మూడేళ్లలో మొదటిసారి! ఎవరికి వాళ్లు ఒక్కో సంగతి కనిపెట్టారు. తెరిచే మీట ఒకసారి నొక్కితే డ్రైవరు తలుపొక్కటే, రెండోసారి నొక్కితే మిగతావీ తెరుచుకునే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుంది. రాత్రివేళ ఒంటరిగా కారెక్కే ఆడవాళ్లకి అది ఎంత ధీమా! కొన్నిటిలో అదే మీటని నొక్కిపట్టి ఉంచితే అద్దాలన్నీ కిందికి దిగుతాయి. మనం ఎక్కేలోపే లోపలి వేడి సగం బయటికి పోతుంది. హారన్ బొమ్మ ఉన్న మీట సినిమాహాలు పార్కింగులో బండిని వెతుక్కోవడానికే కాదు, ఎవరైనా వెంటపడితే నలుగురినీ పిలవడానికి కూడా.

బ్యాటరీ సంగతీ తేలింది. చాలా బిళ్లల్లో ఉండేది సీఆర్ 2032 రకం, 3 వోల్టులది. బాగా దగ్గరికెళ్తేగానీ తలుపు తెరుచుకోవడం లేదంటే దానికి కాలం చెల్లుతున్నట్టే. తీసిన పాతదాన్ని మాత్రం బల్ల మీద వదలకూడదు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదముంది. నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

‘వీధిగుమ్మం పక్కన మేకుకి తగిలిస్తున్నావుగా, అది మానెయ్’ అని అత్తగారు కొడుక్కి చెప్పారు. కొందరు దొంగలు యంత్రంతో ఇంట్లోని బిళ్ల సంకేతాన్ని కారు దాకా సాగదీస్తారు. బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో పెడితే కొంత రక్షణ. ఆ డబ్బాతోనే కారు దగ్గరికెళ్లి చూస్తే, తలుపు తెరుచుకుంటోందో లేదో తేలిపోతుంది. కారు పోయిందని బీమా అడిగితే రెండు తాళంచెవులూ చూపించమంటారు, కాబట్టి రెండోదాని జాడా తెలిసుండాలి.

ఇప్పుడా ఇంట్లో నెలకోసారి రెండో తాళంచెవితోనే కారు తీస్తారు. ఉక్కు తాళంచెవితో తలుపు తీయడం కోడలికీ, పైచదువులు చదివే ఆడపడుచుకీ, ఆఖరికి వాచ్‌మన్‌కీ వచ్చు. బాబు ఏడిస్తే చేతికి గిలక్కాయే ఇస్తున్నారు.

మీ కారు పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్నోసారి బయటికి తీయండి... ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టుకుని!