నాలుగో తరగతి ఓడ

మాది కడప జిల్లా పల్లె, చదివేది కర్నూల్లో. రెండుచోట్లా సముద్రం లేదు. మాకు లోతు అంటే బోరు లోతే. అయినా సెలవుల్లో చదివిన ఒక చెక్క యుద్ధనౌక కథ మీకు చెప్పాలనిపిస్తోంది. దాని పేరు హెచ్.ఎం.ఎస్. సెంచూరియన్.

ఇంగ్లండ్‌లోని హార్విచ్‌లో 1774లో అది నీళ్లలోకి దిగింది. 50 ఫిరంగులు. బ్రిటిష్ నేవీ యుద్ధనౌకల్ని ఆరు తరగతులుగా లెక్కపెట్టేది, ఇది నాలుగో తరగతి. పెద్ద యుద్ధాల్లో వరసలో నిలబెట్టడానికి ఇలాంటివి చాలవని అప్పటికే అనుకుంటున్నారు. మన భాషలో చెప్పాలంటే టైర్ త్రీ. అందుకే దూరప్రాంతాల డ్యూటీలు, సరుకు ఓడలకు కాపలా. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో అక్కడ తిరిగింది. 1794లో మారిషస్ దగ్గర ఫ్రెంచి ఓడలతో పోరాడింది. 1795లో సింహళం మీదికి వెళ్లింది.

ముప్పయ్యేళ్ల వయసులో మన విశాఖపట్నం వచ్చింది. 1804 సెప్టెంబర్‌లో రెండు వ్యాపార ఓడలకు కాపలాగా అక్కడ లంగరు వేసి ఉంది. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డు మీద ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చి పడ్డాడు. వాటిలో పెద్దదైన మారెంగోకి 74 ఫిరంగులు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు మొదలుపెట్టాడు, లిండ్ మధ్యలో పడవెక్కి వచ్చి చేరాడు. వ్యాపార ఓడల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుని పోయింది, ఇంకోటి ఫ్రెంచివాళ్లకు చిక్కింది. సెంచూరియన్ మాత్రం బాగా దెబ్బతిన్నా లొంగలేదు. చివరికి లిన్వానే వెనక్కి తిరిగాడు.

అంత బలం ఉండి ఎందుకు పోయాడు? మారెంగో స్తంభాలు విరిగితే బాగుచేసుకోవాల్సిన రేవు మారిషస్‌లో ఉంది, వేల కిలోమీటర్ల అవతల. ఫిరంగులు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే లెక్క కాదు. దెబ్బ తింటే ఎక్కడికి పోతాం అన్నది కూడా లెక్కే.

ఇది చదివి కాసేపు ఆగిపోయాను. నాకు ఒక సంవత్సరం గేట్‌కి ప్రిపేర్ కావాలని ఉంది. "రిస్క్ తీసుకో రా" అంటారు ఫ్రెండ్స్. వాళ్ల రేవు దగ్గర్లోనే ఉంది. మాకు పోయినేడు రెండు బోర్లు ఎండినాయి, శెనిక్కాయ పంట చేతికి రాలేదు. నాయన ఫోన్లో అడిగేది ఒకటే: "ఏడాది కూర్చుంటే ఎట్లరా, అప్పులోడు ఊరకుంటాడా?" దాన్ని భయం అని కొట్టిపారేయలేను. అది లిన్వా లెక్కే.

సెంచూరియన్ మన హీరో అని మాత్రం అనను. 1800లో నిజాం మా కడపను కంపెనీకి ఇచ్చేశాడు. ఈ ఓడ కాపలా కాసింది ఆ కంపెనీ వ్యాపారానికే. కానీ దాని కెరీర్ మిగతా భాగం నాకు నచ్చింది. 1808 నుంచి కెనడాలోని హాలిఫాక్స్ రేవులో రోగుల్ని ఉంచే ఆసుపత్రి ఓడగా పనిచేసింది. 1824లో కట్టేసిన చోటే మునిగిపోతే, పైకి తీసి మరుసటి ఏడాది విడగొట్టారు. యాభై ఏళ్లలో పేరు తెచ్చిన పోరాటాలు ఒకట్రెండు. మిగతాదంతా డ్యూటీ, ఆసుపత్రి. ఆ ఏళ్లను వృథా అని ఎవరనగలరు?

ప్లేస్‌మెంట్స్‌కి కూర్చుంటానని నాయనకు చెప్పాను. గేట్ పుస్తకాలు మాత్రం జూనియర్లెవరూ అడగొద్దు, అమ్మను.