నల్ల వైరు సంగతి

బేస్ కొట్టగానే మీ కారులో యాంప్ ఆగిపోతోందా? కొత్తది కొనే ముందు డిక్కీలో కార్పెట్ ఎత్తి, నల్ల వైరు ఎక్కడ బిగించారో ఒక్కసారి చూడండి. ఎర్ర వైరు సంగతి అందరూ పట్టించుకుంటారు. ఎంత లావుది వేయాలి, ఏ కంపెనీది మంచిది అని షాపులో గంటసేపు మాట్లాడతారు. నల్లదాన్ని మాత్రం దొరికిన బోల్టుకి తగిలించి వదిలేస్తారు. మా తమ్ముడి కారులో పదహారు వేల ఖర్చు, దానికన్నా పెద్ద ప్రమాదం రెండూ తప్పాయంటే ఆ నల్ల వైరు చూడబట్టే.

తమ్ముడంటే మా బాబాయి కొడుకు. వాళ్లది దివిసీమలో అవనిగడ్డ దగ్గర పల్లె. రొయ్యల చెరువు వరసగా రెండు పంటలు దెబ్బతినడంతో వాడు అప్పు చేసి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. పెళ్లిళ్లకీ, ఎయిర్‌పోర్టుకీ కిరాయికి తిప్పుతున్నాడు. "పాటలు లేని బండి పెళ్లివాళ్లు ఎవరు మాట్లాడుకుంటారన్నయ్యా?" అన్నది వాడి లెక్క. అందుకని రెండు 12 అంగుళాల సబ్‌వూఫర్లు, ఒక మోనో యాంప్ పెట్టించాడు. నెల తిరగలేదు. సౌండ్ పెంచితే చాలు, యాంప్ మీద ఎర్ర లైటు వెలిగి అంతా మూగబోతోంది. బిగించిన షాపువాళ్లు "యాంప్ పోయింది, కొత్తది పదహారు వేలు" అన్నారట.

సంక్రాంతికి నేను వెళ్లేసరికి ఇంట్లో ఇదే గొడవ. "ఆ డబ్బాలు పీకి అవతల పారేస్తావా, బండే అమ్మేస్తావా?" అని బాబాయ్. మాఘమాసం ముహూర్తాలకి నాలుగు కిరాయిలు ఒప్పుకున్నానని వాడు. పిన్ని ఇద్దరి మధ్యా అరిసెలు పెడుతూ నలిగిపోతోంది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా చదివింది ఈసీఈ. బ్యాగులో మల్టీమీటర్ ఎప్పుడూ ఉంటుంది. కోడ్‌లో బగ్ వెతకడానికీ వైరింగ్‌లో తప్పు వెతకడానికీ పెద్ద తేడా లేదు. ఊహించి పార్టులు మార్చకూడదు. దారిని సగానికి సగం చేసుకుంటూ, తప్పు ఏ సగంలో ఉందో కొలుస్తూ పోవాలి. యాంప్ ఆగిపోయిందంటే పాడైపోయిందని కాదు. ఎర్ర లైటు అంటే 'నన్ను నేను కాపాడుకుంటున్నాను' అని అది చెప్పడం. దేని నుంచి అన్నది మనం కనుక్కోవాలి.

మొదటి అనుమానం స్పీకర్ల మీద. మావాడి సబ్‌లు ఒక్కోదానికి రెండేసి కాయిల్స్, ఒక్కో కాయిల్ 2 ఓమ్‌లు. నాలుగింటినీ పక్కపక్కనే ప్యారలల్‌గా కలిపితే మొత్తం 0.5 ఓమ్. యాంప్ మీద 'కనీసం 2 ఓమ్‌లు' అని రాసి ఉంది. అంతకంటే తక్కువైతే కరెంటు ఎక్కువ లాగి ఆగిపోతుంది. ఒక్కో సబ్‌లోని రెండు కాయిల్స్‌నీ సిరీస్‌లో కలిపితే 4 ఓమ్‌లు, అలాంటివి రెండు ప్యారలల్‌లో పెడితే సరిగ్గా 2. స్పీకర్ వైర్లు యాంప్ నుంచి విప్పి కొలిస్తే 1.7 వచ్చింది. మీటర్ చూపించే డీసీ రెసిస్టెన్స్ రాసిన ఓమ్‌ల కన్నా కాస్త తక్కువే ఉంటుంది కాబట్టి ఇది కరెక్టే.

రెండో పరీక్షకి గోడ గడియారంలో సెల్ చాలు. 1.5 వోల్టుల సెల్‌ని స్పీకర్ వైర్లకి క్షణంపాటు తాకిస్తే కోన్ కదులుతుంది. ప్లస్‌కి ప్లస్ తగిలితే బయటికి వస్తుంది. రెండు సబ్‌లలో ఒకటి బయటికి, ఒకటి లోపలికి పోతుంటే ఒకదాని గాలిని ఇంకొకటి మింగేస్తుంది, బేస్ మాయమవుతుంది. ఇక్కడ రెండూ బయటికే వచ్చాయి. స్పీకర్ల వైపు తప్పు లేదు.

ఇక కరెంటు వచ్చే వైపు. బానెట్ ఎత్తగానే నాకు చెమటలు పట్టాయి. బ్యాటరీ పక్కన ఫ్యూజ్ హోల్డర్‌లో ఫ్యూజ్ లేదు. దాని బదులు రాగి తీగ పోగులు మెలిపెట్టి కూర్చోబెట్టారు. "మాటిమాటికీ ఫ్యూజ్ పోతోందని షాపులోనే అలా పెట్టిచ్చారన్నయ్యా" అన్నాడు. పైగా ఎర్ర వైరు ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే చోట రబ్బరు బుష్ లేదు. రేకు అంచుకి ఒరుసుకుని తొడుగు సగం తెగింది.

ఫ్యూజ్ ఉండేది ముఖ్యంగా వైరు కోసం. తొడుగు పూర్తిగా తెగి రాగి బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. ఫ్యూజ్ ఉంటే అది కరిగి ఊరుకుంటుంది. లేకపోతే వైరే నిప్పవుతుంది, అదీ సీట్ల కింద, కార్పెట్ మధ్య. వెంటనే బ్యాటరీ నెగటివ్ విప్పి, యాంప్ వైరు తీసేసి, చివర టేపు చుట్టేశాను.

మర్నాడు చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా గుడివాడ వెళ్లాం. అక్కడ బాబాయికి తెలిసిన పెద్దాయన ఉన్నారు. లారీలకీ ట్రాక్టర్లకీ వైరింగ్ చేస్తారు. ఒకప్పుడు మైకు సెట్లు నడిపారు. మైకు బండి కూడా ఇదే లెక్క కదా, 12 వోల్టుల బ్యాటరీ, యాంప్లిఫయరు, నెత్తిన హారన్లు. మా దివిసీమలో మైకు బండంటే ఎన్నికల ప్రచారం ఒక్కటే కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ఊళ్లివి. తుపాను వస్తోంది, స్కూల్లోకి వెళ్లండి అని మైకులో వినిపిస్తే ఇప్పటికీ పెద్దవాళ్లు చేస్తున్న పని ఆపేసి వింటారు. "అట్టాంటప్పుడు మైకు ఆగిందంటే ఎట్టా బాబూ? బయల్దేరే ముందు ఎర్తు గీకి మరీ బిగించేవాళ్లం" అన్నారాయన.

ఆయన ముందు సరైన ఫ్యూజ్ వేశారు, తర్వాత ఎర్ర వైరుకి క్లాంప్ మీటర్ తగిలించారు. పాట పెడితే మీటర్ అంకెలు గెంతుతాయి కాబట్టి ఫోన్లో 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టాను. అదైతే స్థిరంగా ఉంటుంది. ఇంజన్ ఆన్, టోన్ కొన్ని సెకన్లే. కరెంటు 50 ఆంపియర్ల దగ్గరుంది. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. యాంప్ దగ్గర 10.4! మధ్యలో 3.4 వోల్టులు ఎక్కడికి పోయాయి?

మీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, ఇంకో కొన యాంప్ ప్లస్ మీద పెట్టి కొలిస్తే 0.6. సన్న వైరు కాబట్టి ఆ మాత్రం పోతుంది. అదే పని మైనస్ వైపు చేస్తే 2.8! మళ్లీ సగం చేశాం. బ్యాటరీ మైనస్ నుంచి డిక్కీలో రేకు దాకా 0.1. రేకుకీ, దానికి బిగించిన నల్ల వైరు కొనకీ మధ్య 2.7. అంటే దొంగ ఆ ఒక్క బోల్టు కిందే ఉన్నాడు.

కారులో బాడీ మొత్తం నల్ల వైరే. బ్యాటరీ నుంచి ఎంత కరెంటు వెళ్తుందో అంతా మళ్లీ ఆ రేకులోంచే తిరిగి రావాలి. ఈ కారు అంతకుముందు బందరులో ఆరుబయట కొన్నేళ్లు ఎండకీ ఉప్పుగాలికీ నిలబడింది. పెయింటు కింద తుప్పు పాకింది. ఆ పెయింటు గీకకుండా, తుప్పు మీదే చిన్న స్క్రూ దించి వైరు తగిలించారు. 2.7 వోల్టులు, 50 ఆంపియర్లు గుణిస్తే 135 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లుంటుంది. అలాంటివి ఐదు ఒక్కచోట పెట్టినంత వేడి. స్క్రూ చుట్టూ కార్పెట్ అడుగు భాగం నల్లగా మాడి ఉంది. వెనక సీటుకి జానెడు దూరంలో.

బాబాయ్ ఆ మాడిన ముక్క చేత్తో పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. "పెళ్లివాళ్ల పిల్లలు కూర్చునేది అక్కడే కదరా" అన్నాడు చివరికి.

రిపేరుకి పట్టింది ఒక పూట. సన్న వైరు తీసేసి 25 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ వేశాం, ఎర్రదీ నల్లదీ ఒకే లావు. రేకు మీద పెయింటు, తుప్పు మెరిసేదాకా గీకాం. కేబుల్ కొనకి లగ్ గట్టిగా క్రింప్ చేసి, పళ్ల వాషర్‌తో బోల్టు బిగించి, ఉప్పుగాలి తగలకుండా పైన వ్యాసలిన్ పట్టించాం. రేకు రంధ్రానికి రబ్బరు బుష్. బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు 80 ఆంపియర్ల ఫ్యూజ్. పెద్దాయన కూలితో కలిపి మూడు వేల లోపే అయింది.

మళ్లీ అదే టోన్. బోల్టు దగ్గర 0.03, యాంప్ దగ్గర 13.4. ఎర్ర లైటు జాడే లేదు. 'పోయిన' యాంప్ శుభ్రంగా పాడుతోంది.

ఇంకొక్క పని మిగిలింది. యాంప్ మీద గెయిన్ అనేది సౌండ్ బటన్ కాదు, పూర్తిగా తిప్పేయకూడదు. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 500 వాట్లు, 2 ఓమ్‌లు అయితే దాదాపు 31.6. స్పీకర్ వైర్లు విప్పి, మీటర్ ఏసీలో పెట్టి, స్టీరియో సౌండ్ ముప్పావు వంతులో ఉంచి, 50 హెర్ట్జ్ టోన్‌కి ఆ అంకె వచ్చేదాకా మాత్రమే గెయిన్ పెంచాలి. అక్కడితో ఆపాలి.

తిరుగు ప్రయాణంలో మావాడు డీజే పాట వెతుకుతుంటే బాబాయ్ ఘంటసాల పాట పెట్టమన్నాడు. ఆయన పుట్టింది ఈ గుడివాడ దగ్గరి చౌటపల్లిలోనే, 1922లో. ఆ గొంతుకి సబ్‌వూఫర్‌తో పనేముంది? అది పాడేది 80 హెర్ట్జ్ కింద. అయినా తబలా డగ్గా పడ్డప్పుడల్లా వెనక నుంచి మెత్తగా ఒక మోత. "ఇది బానే ఉందిరా" అన్నాడు బాబాయ్. మావాడు అద్దంలోంచి నా వైపు చూసి నవ్వాడు.

పామర్రులో టీకి ఆగాం. బాబాయ్ దిగి డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, బోల్టు మీద అరచెయ్యి ఆనించాడు.

"చల్లగానే ఉంది. నాలుగు కిరాయిలూ వెళ్లరా" అన్నాడు.