పేరు లేని బూటు

న్యూయార్క్ రాష్ట్రంలో చదువుకుంటున్న మా చిన్నోడు మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. రాతి మీద చెక్కిన బూటు. "ఎవరిది బేటా?" అన్నాను. "పేరు రాయలేదు అబ్బా, అదే కిస్సా" అన్నాడు.

అది సరాటోగా. 1777లో ఇంగ్లీషు ఫౌజ్ మీద అమెరికా వాళ్లు ఫతేహ్ సాధించిన చోటు. బూటు జనరల్ బెనెడిక్ట్ ఆర్నాల్డ్‌ది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కాంగ్రెస్ అతని కన్నా జూనియర్లు ఐదుగురికి తరక్కీ ఇచ్చి ఇతన్ని వదిలేసింది. సెప్టెంబర్ 19 లడాయి గురించి కాంగ్రెస్‌కు రాసిన ఖత్‌లో పై అధికారి గేట్స్ ఇతని పేరే ఎత్తలేదు. ఇద్దరికీ తక్రార్ అయింది, ఇతని కమాండ్ పోయింది. అయినా అక్టోబర్ 7న గుర్రమెక్కి జంగ్‌లోకి ఉరికాడు. ఎడమ కాలు విరిగింది. పది రోజులకు ఇంగ్లీషు జనరల్ బర్గోయిన్ లొంగిపోయాడు. బంగారు పతకం గేట్స్‌కి.

1780లో ఆర్నాల్డ్ వెస్ట్ పాయింట్ కోటను శత్రువుకు అమ్మజూశాడు, గద్దార్ అయ్యాడు. మనసు విరిగిందనే అనకండి, డబ్బు లాలచ్ కూడా ఉంది. అందుకే రాతి మీద కాలుంది, పేరు లేదు.

నా దిల్‌కి నచ్చింది మూడో మనిషి, ష్యూలర్. గెలుపుకు రెండు నెలల ముందు అతన్ని తీసేసి గేట్స్‌ని పెట్టారు. అతని ఇల్లు బర్గోయిన్ ఫౌజ్ తగలబెట్టింది. లొంగిపోయిన బర్గోయిన్‌ని అతను ఆల్బనీలోని తన ఇంట్లోనే మెహమాన్‌గా దించాడు.

అబ్బాజాన్ దుకాణం ఎవరు నిలబెట్టారన్న మాట మీద భాయిజాన్‌కీ నాకూ పదకొండేళ్లుగా సలాం లేదు. రాత్రి ఆ ఫొటో ఆయనకు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబ్ ఇంకా రాలేదు.